గర్భగృహం, ధాన్యపు కొట్టు

ప్రాచీన ఈజిప్టు ఆలయాలను గురించి కళాచరిత్రకారులు రాసింది చదివినప్పుడల్లా నాకొక అసంతృప్తి మిగులుతుంది. వారు స్తంభాలను కొలుస్తారు, శిల్పాలను వర్ణిస్తారు. గోడకు లోపలివారెవరు, బయటివారెవరు అన్న ప్రశ్న దగ్గర మాత్రం తొందరపడతారు. ఆ ఆలయాల నిర్మాణసూత్రమే ఆ ప్రశ్నలో ఉంది.

నూతన రాజ్యకాలపు ఆలయాల్లో సాధారణంగా ముందు జంట బురుజుల మహాద్వారం, తర్వాత ఎండపడే ముంగిలి, ఆపైన స్తంభాల మంటపం, చిట్టచివర చీకటి గర్భగృహం. లోపలికి వెళ్ళేకొద్దీ నేల ఎత్తవుతుంది, కప్పు కిందికి దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది. మనుషులూ తగ్గుతారు. సామాన్యులకు పండుగనాడు ముంగిలివరకే ప్రవేశం. కర్నాక్‌లో 134 స్తంభాల మహామంటపాన్ని దాటి దేవుణ్ణి చేరే అర్హత రాజుది, రాజు పేరిట పూజచేసే అర్చకులది. సమాజంలోని అంతస్తులే అక్కడ రాతిగోడలయ్యాయి.

అయితే ఆలయమంటే గర్భగృహం ఒక్కటే కాదు. థీబ్స్ పడమటి గట్టున రెండవ రామెసిస్ స్మారకాలయం వెనక పచ్చి ఇటుకల కమాను గిడ్డంగులు నేటికీ కనిపిస్తాయి. దేవుడికి రాయి, ధాన్యానికి ఇటుక. మూడవ రామెసిస్ దానాలను లెక్కగట్టిన హారిస్ పాపిరస్, థీబ్స్ ఆలయాలకు చెందిన మనుషులను 86,486గా చూపుతుంది. పశువుల్లాగే మనుషులూ ఆస్తి పట్టికలోకి ఎక్కారు.

ఆ రాజు 29వ పాలనా సంవత్సరంలోనే, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, రాజసమాధులను తొలిచి చిత్రించే దైర్ అల్ మదీనా పనివాళ్ళకు బత్తెం అందలేదు. వారు పని మానేసి, కాపలా గోడలు దాటి, మూడవ తుత్మోసిస్ ఆలయం వెనక కూర్చున్నారు. ఆ తర్వాత రెండవ రామెసిస్ ఆలయంలోకే నడిచారు. ఆకలీ దప్పికే తమను అక్కడికి తెచ్చాయనీ, బట్టా నూనే చేపా కూరా లేవనీ ఫారోకు తెలియజేయమన్నారు. అధికారులకు వెనకటి నెల బత్తెం ఇవ్వక తప్పలేదు. ఈ వివరాలున్న పాపిరస్ ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉంది.

కొరడా దెబ్బలకు మూగగా వంగిన బానిసల బొమ్మనే నేనూ చాలాకాలం నమ్మాను. ఆ బొమ్మ కళాచరిత్రకారుల మౌనం కంటే మెరుగైనదేమీ కాదు. అదీ శ్రామికుడి నోరు నొక్కేదే. వీరు బానిసలు కారు, నిపుణులు. ఫారోను ధిక్కరించలేదు, అతనికే మొరపెట్టుకున్నారు. వారి చైతన్యానికి ఆ పరిమితి ఉంది. అయినా ధాన్యం ఏ గోడ వెనక ఉందో వారికి తెలుసు. పవిత్రస్థలంలోకి వారు భక్తులుగా కాక, చేసిన పనికి కూలి అడిగేవాళ్ళుగా అడుగుపెట్టారు. ఆ ఆలయాల చరిత్రను అక్కడినుంచి కూడా చదవాలంటాను.