దిగుడు లేని డ్రాగన్

టికెట్టు చించి ఇచ్చే కుర్రాడి వేళ్లకు గ్రీజు అంటుకుని ఉంది. ఇనుప మెట్లు ఎక్కుతుంటే గడగడమంటున్నాయి. జెయింట్ వీలు, కొలంబస్ పడవ బనగానపల్లె పిల్లలకు పాతవే. ఈసారి ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటింది రోలర్ కోస్టర్ గురించి. మా అన్న కూతురికి ఆ తలపుతో సరిగా నిద్ర కూడా పట్టలేదు.

మొదటి పెట్టెలోనే కూచోవాలని పట్టు. కూచున్నాం. ఎదురుగా ఆకుపచ్చ డ్రాగన్ తల, కోరల మీద రంగు పెచ్చులూడింది. కుర్రాడు ఒళ్లో కడ్డీ దించి, చీల తోసి, ఒకసారి లాగి చూశాడు. పట్టాల కాళ్లు ఎత్తు చాలని చోట నాపరాయి ముక్కలు పేర్చారు, మన గనుల రాయే. జనరేటరు పొగ, మిరపకాయ బజ్జీల నూనె వాసన. పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

గంట మోగింది. బండి కదిలింది.

మలుపు. ఎత్తు. ఎక్కుతోంది, ఇంకా ఎక్కుతోంది. పిల్ల కళ్లు మూసుకుని, అరవడానికి నోరు తెరిచింది. పైకి చేరాం. యాగంటి వైపు కొండల మీద ఇంకా ఎర్రటి వెలుగుంది. ఇప్పుడు పడాలి. కడుపులో గుబుక్కుమనాలి, ఒళ్లు సీటు మీంచి తేలాలి. బండి ఎక్కిన వేగంతోనే మెల్లగా కిందికి దిగింది.

"ఇంతేనా, చిన్నాయనా?"

రెండో చుట్టులో కాళ్ల కింద మోటారు మూలుగు తెలిసింది. దారంతా లాగేది అదే, దిగేటప్పుడూ పట్టు వదలదు. అసలైన కోస్టరును గొలుసు ఎత్తు దాకా చేర్చి వదిలేస్తుంది, ఆ పైన అంతా బరువే చూసుకుంటుంది. 1884లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ అనే ఆయన పెట్టిన కోస్టరు బండి వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లే. అయినా అది తన బరువుతో తాను జారింది. అందుకే వేగం తక్కువని నాకు బాధ లేదు. పడనివ్వలేదనే బాధ. రోలర్ కోస్టర్ అని చెప్పి పిల్లల్ని పిలిచినవాళ్లు ఆ ఒక్క క్షణం వాళ్లకు బాకీ. చిన్న ఊరికి ఇది చాల్లే అనుకోవడం అన్యాయం.

బండి ఆగింది. కుర్రాడు పిల్ల ముఖం చూసి, "ఇంకో రౌండు కూచో పాపా, దుడ్లు వద్దులే" అన్నాడు. మంచి మనసు. పిల్ల తల అడ్డంగా ఊపి దిగేసింది.

"హైదరాబాదు వండర్‌లాలో వెనక్కి కూడా పోతాదంట, నిజమేనా?"

"నిజమే. తలకిందులు చేసి, మళ్లా అదే దారిన వెనక్కి తెస్తాది."

"నన్ను ఎక్కనిస్తారా?"

"ఎత్తు కొలుస్తారు."

వెన్ను నిటారుగా చేసి నిలబడింది. "ఎప్పుడు పోదాం?"

"మామిడికాయల దుడ్లు చేతికొచ్చినాక."

"అయితే కోత ఎప్పుడో జేజినాయనను ఇప్పుడే అడుగుతా" అంటూ నాకన్నా ముందు గేటు వైపు నడిచింది.