కినోసాకి వేడినీటి బుగ్గలు

జపాను దేశమునందలి 47 జిల్లాలలో వేడినీటి బుగ్గ లేని జిల్లా యొక్కటియు లేదు. వాని నన్నిటిని వర్ణింపబూనుట ఈ కొలదికాలములో పొసగని పని. నేను చూచివచ్చిన యూళ్లలో నొక్కదానిని గూర్చి మాత్రము ముచ్చటించెదను. దాని పేరు కినోసాకి. దాని నెన్నుకొనుటకు సొగసు కారణము కాదు. అంతకంటె సొగసైనవి పెక్కులు గలవు. భూమిలోనుండి ఉబికివచ్చు నీరు ఎవరిది? ఆ నేల గలవానిదా, ఊరందరిదా? ఈ ప్రశ్నను ఆ చిన్నయూరు ఇరువదిమూడేండ్లపాటు నానబెట్టి, తుదకు తన జవాబును తానే చెప్పుకొన్నది. నా కదియే ముచ్చటగా దోచినది.

కినోసాకి హియోగో జిల్లాకు ఉత్తరపు కొసను, మరుయామా నది జపాను సముద్రమున గలియుచోటికి కొంచె మెగువగా నున్నది. కియోటోనుండి రైలులో రెండుమూడు గంటల ప్రయాణము. ఊరినడుమ ఓతాని యను చిన్న యేరు పారుచుండును. దానికి ఇరుప్రక్కల విల్లో చెట్లు, మీద విల్లువలె వంగిన రాతివంతెనలు, ఒడ్డున రెండంతస్తుల, మూడంతస్తుల కొయ్యయిండ్లు. ఆ యిండ్లే యాత్రికుల బసలు. నేను చేరునప్పటికి సాయంకాల మయ్యెను. స్త్రీలు, పురుషులు, పిల్లలు, వృద్ధులు అందరును యుకతా యను పలుచని నూలుదుస్తును చుట్టుకొని, పావుకోళ్లు టకటక మ్రోయగా, చేత తువాళ్లు పట్టుకొని వీధులవెంట పోవుచుండిరి. పెండ్లివారి విడిది కదలివచ్చినట్లుండెను. బసలో దిగినవారు బసలోనే స్నానము చేయక ఇట్లు వీధిన బడుట యేమని అడిగితిని. రైలుస్టేషను మా యింటి వాకిలి, వీధులు నడవలు, బసలు పడకగదులు, స్నానశాలలు మా స్నానపుగది. ఊరంతయు ఒక్కటే యిల్లని అచ్చటివారు చెప్పుదురట. వినుటకు చమత్కారపు మాటవలెనే యుండును. కాని ఈ మాటను నిలుపుకొనుటకు వారు పడిన పాట్లు చమత్కారములు కావు.

ఊరిలో ఏడు సామాన్య స్నానశాలలు గలవు. వానిలో ‘మందరయు’ అను దానికి పుట్టుక చెప్పు కథ యిది: దోచి యను బౌద్ధ సన్న్యాసి వేయిదినములు ప్రార్థన చేయగా, 720వ సంవత్సరమున అచ్చట వేడినీరు ఉబికెనట. ‘యు’ అనగా ఆ భాషలో వేడినీరు. ‘కోనొయు’ కథ వేరు. గాయపడిన కొంగ యొకటి బురదనీటిలో నిలిచి నిలిచి స్వస్థత పొంది యెగిరిపోయెననియు, జనులు పోయి చూడగా ఆ నీరు వేడిగా నుండెననియు చెప్పుదురు. (ఆ జాతి కొంగలు ఆ దేశపు అడవిలో 1971లో అంతరించెను; ఆ ప్రాంతముననే పెంచి 2005నుండి మరల ఆకాశమున విడువగా, నేడు ఆ పొలములలో తిరుగుచున్నవి.) ఇట్టి కథలు చరిత్రకు నిలుచునా యని అడుగుట మోటుతనము. ఒకదానిలో సన్న్యాసి, మరొకదానిలో పక్షి. భూస్వామి మాత్రము రెంటను లేడు. ఆ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

పూర్వము స్నానార్థులు మొదట కొండవాలుననున్న ఓన్‌సెంజి దేవాలయమునకు పోయి, నమస్కరించి, స్నానపు మర్యాదలు తెలిసికొని, ఒక కొయ్యగరిటెను పుచ్చుకొని వచ్చెడివారట. ఆ గరిటె యున్నవారికే నీట దిగు అర్హత. పదునెనిమిదవ శతాబ్దమున కగావా షూతోకు అను వైద్యుడు ఈ బుగ్గలను మిక్కిలి మెచ్చి, దేశమునకెల్ల మొదటిదని ఒక స్నానశాలను కొనియాడెను. నాటినుండి దాని పేరు ‘ఇచినొయు’, అనగా మొదటి నీరు. 1909లో రైలు వచ్చెను. 1913లో, రైలు తగిలి గాయపడిన షిగా నవోయా యను కథకుడు ఇచ్చట మూడు వారములు విశ్రమించెను. నాలుగేండ్లకు వెలువడిన ఆయన చిన్నకథ వలన ఊరి పేరు జపానులో చదువుకొన్నవారందరి నోటను నిలిచినది.

ఇక 1925 మే 23వ తేది. పగలు 11 గంటలు దాటిన కొలది నిమిషములకు భూమి కంపించెను. మధ్యాహ్నభోజనములకై బసలన్నిట పొయ్యిలు మండుచుండిన వేళ యది. కొయ్యయిండ్లు ఆ పొయ్యిలపై కూలెను. ఊరు ఇంచుమించుగా నంతయు కాలిపోయెను. ఆ భూకంపమున ప్రాంతమంతట 400 మందికి పైగా మరణించిరి. వారిలో సగమునకు మించినవారు ఈ యొక్కయూరివారే. బుగ్గలు మాత్రము ఎండలేదు. బూడిదనడుమ వేడినీరు ఉబుకుచునే యుండెను. ఊరు మరల లేచినది ఆ నీటిమీది నమ్మకముతోనే.

వీధులను వెడల్పుచేయుటకు ఇండ్లవారు తమ స్థలములలో కొంత విడిచిరి. మంట ఒకచోటినుండి మరొకచోటికి ప్రాకకుండుటకు నడుమనడుమ కాంక్రీటు కట్టడములను నిలిపి, బసలను మాత్రము వెనుకటివలె కొయ్యతోనే కట్టిరి. ఏటిగట్లకు వాడిన నల్లరాయి సమీపమున గెన్‌బుదో గుహవద్ద భూకంపమునకు విరిగిపడినదే. ఆ గుహరాతినే మరుసటియేట మతుయామా మోతోనోరి యను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, భూమియొక్క అయస్కాంతము పూర్వకాలమున తలక్రిందుగా నుండెడిదను సిద్ధాంతమునకు దారి తీసెను. ఆ గట్టుమీద నిలిచి కాళ్లు చల్లార్చుకొను యాత్రికులకు ఈ సంగతి యెవరైన చెప్పుదురో లేదో!

ఊరు లేచుచుండగనే తగవు పుట్టెను. 1927లో ఒక బసవారు తమ ఆవరణలో దొరకిన వేడినీటితో బసలోపలనే స్నానపుతొట్టి నేర్పరచిరి. మా నేల, మా నీరు, మా తొట్టి, ఎవరికేమి యని వారి వాదము. వాదము బలహీనమైనది కాదు. 1898నుండి అమలులోనున్న జపాను పౌరశాస్త్రము నేలపై హక్కు దాని క్రిందికిని పైకిని వ్యాపించునని చెప్పుచున్నది. అతిథికి చలిలో వీధిన నడువనక్కరలేని సుఖమును కూర్చుట దోషమా?

ఊరివారి భయము వేరు. ఒకరు త్రవ్విన పదిమంది త్రవ్వుదురు. ధనికుడు లోతుగా త్రవ్వును. భూగర్భమున నొక్కటియైన నీరు అతనివైపు లాగబడును, సామాన్య స్నానశాల చల్లారును. అతిథి బస విడిచి బయటికి రానప్పుడు వీధిలోని మిఠాయికొట్టువాడు, పావుకోళ్లు అమ్మువాడు, తొట్టి కట్టుకొనుటకు శక్తిలేని చిన్న బసవాడు ఏమై పోవలెను? మన పల్లెలలో చెరువునీటి వంతులకై తలలు పగులగొట్టుకొన్నవారి నెరిగినవారికి ఈ భయమును వివరింపనక్కరలేదు. యుషిమ యనునది ఊరి పాతపేరు. ఆ పేరనే గ్రామస్థుల ఉమ్మడి ఆస్తిసంఘమొకటి యుండెను. తరతరములుగా ఈ నీరు మా యందరిదని ఆ సంఘము నిలిచెను. తగవు న్యాయస్థానముల కెక్కెను. నడుమ యుద్ధము వచ్చెను, పోయెను. తగవు పోలేదు.

ఈ లోపల శాస్త్రమును కొంత కదలెను. 1940లో నాటి అత్యున్నత న్యాయస్థానము, నాగానో జిల్లాలోని మరియొక బుగ్గ విషయమున, అచ్చటి ఆచారము ననుసరించి బుగ్గపై హక్కు నేలహక్కునుండి వేరుగా నుండగలదని తీర్పుచెప్పెను. 1948లో వేడినీటి బుగ్గల చట్టము వచ్చెను. నాటినుండి తన నేలలోనైనను వేడినీటికై త్రవ్వువాడు జిల్లా గవర్నరు అనుజ్ఞ పొందవలసియున్నది.

తుదకు 1950లో రాజీ కుదిరెను. నా దృష్టిలో ఇది తీర్పుకంటె మేలైనది. తీర్పైన ఒకరు ఓడి యుండెడివారు, ఊరు చిన్నది, ఓడినవాని మొగము ప్రతిదినము చూడవలెను. బుగ్గనీటిపై పెత్తనము ఉమ్మడి సంఘమునకు దక్కెను. బసలలో తొట్లు కట్టుకొనవచ్చును, కాని వాని పరిమాణమునకు హద్దు. అందుచేతనే నేడును అచ్చటి బసలలోని స్నానపుగదులు చిన్నవి. ఏడు స్నానశాలలకును ప్రవేశపత్రమును బసవారే అతిథి చేతికిచ్చి, పావుకోళ్లు ముందుంచి, వీధిలోనికి సాగనంపుదురు. స్నానశాలలకు వారమున కొక్కొక్కనాడు సెలవు. ఆ సెలవు అన్నిటికి ఒక్కనాడు రాకుండ ఏర్పాటు చేసికొనిరి.

ఊటలలో కొన్ని చేయి పెట్టరానంత వేడి, కొన్ని గోరువెచ్చన. 1972నాటికి వాని నన్నిటిని ఒక్కచోట కలిపి, గొట్టములద్వారా స్నానశాలలకును బసలకును పంచు ఏర్పాటు పూర్తియయ్యెను. నీరు కొంచెము ఉప్పన. ఏ తొట్టిలో దిగినను అదే నీరు, అదే రుచి.