రాగిరేకులును ధ్వనిరక్షణమును

కఱవులకుఁ బేరుపడిన అనంతపురమండలమున, రాళ్లపల్లి గ్రామమందు 1893వ సంవత్సరమున జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజకళాశాలలో బహుకాలము తెలుఁగు బోధించి, పిమ్మటఁ దిరుపతిలో తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములఁ బరిష్కరించిరి. 15వ శతాబ్దమునకుఁ జెందిన యా కవి పదములకు రాగిరేకులపై సాహిత్యము కలదు, రాగనామము కలదు. స్వరము మాత్రము లేదు. చెక్కించినవారు గాయకపరంపర యెల్లకాలము నుండునని నమ్మిరి కాఁబోలు. పరంపర తెగెను, నామము నిలిచెను, నాదము పోయెను. కావున శర్మగారు అనేకసంకీర్తనములకు స్వరములను గ్రొత్తగాఁ గూర్పవలసివచ్చెను. అవి మనోహరములే కాని, అన్నమయ్య పాడిన వరుసలని చెప్పుటకు వీలులేదు.

నేఁటి ధ్వనిలేఖనమునందును ఇట్టి యెన్నికయే కలదు. సీడీయందు ధ్వనిని సెకనునకు 44,100 మార్లు కొలిచి యంకెలుగా నిలుపుదురు. 1993లో ప్రమాణముగా వెలువడిన ఎంపీ3 పద్ధతి, బలమైన ధ్వని చాటునఁ జెవికి సోఁకని సూక్ష్మధ్వనులను విడిచి, 128 కిలోబిట్ల స్థాయిలో ఆ రాశిని సుమారు పదునొకండవవంతునకుఁ దగ్గించును. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి దానిని సుమారు సగమునకే కుదించును. విప్పినపుడు ప్రతి యంకెయు యథాతథముగా వచ్చును.

వినుటకును బంచుటకును మొదటిది చాలును. కాని ఎంపీ3ని ఫ్లాకుగా మార్చినను బోయినది తిరిగి రాదు. ఫ్లాకునుండి ఎంపీ3 నెపుడైనను జేసికొనవచ్చును. కావున నిమ్మలకుంట తోలుబొమ్మలాటవంటి యా సీమ కళల పాటలను సేకరించువారు మాతృకను ఫ్లాకుగా భద్రపఱచి, ప్రతులను ఎంపీ3గా నొసఁగుట యుచితము. గాయకుని యూపిరియు, తాళపుఁ దుదిమ్రోఁతయు నేఁటి శ్రోతకు ననావశ్యకములని తోఁచినను, రేపటి పరిశోధకునకు నవియే ప్రమాణములు కావచ్చును.