వడ్ల కుప్ప

2014 ఏప్రిల్ 23. రాత్రి పదకొండు దాటింది. నంద్యాల లాడ్జిలో పగలంతా కాగిన గోడ ఇంకా వేడిగానే ఉంది. ప్రచారం వార్తలు పంపేశావు. చొక్కా విప్పి మేకుకు తగిలించావు.

ఈ ఊరికి నువ్వు ఇష్టపడి వచ్చావు. 1977లో రాష్ట్రంలోని 42 ఎంపీ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, నీలం సంజీవరెడ్డిని గెలిపించిన ఆ ఒక్క సీటు నంద్యాల. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పీవీకి 5.80 లక్షల మెజారిటీ ఇచ్చిందీ ఇదే. టీ బంకు దగ్గర పెద్దాయనలు ఆ లెక్కలు ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు.

ఫోన్ మోగుతుంది.

"అన్నా, శోభమ్మ బండి బోల్తా పడిందంట. ఆళ్లగడ్డ దగ్గర."

శోభా నాగిరెడ్డి. ఆళ్లగడ్డలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి. నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఇంటికి వెళ్తున్నారు. పోలింగ్‌కు రెండు వారాలే ఉంది.

బైక్ తీస్తావు. ఊరు దాటగానే చీకటి. ముఖానికి కొట్టే గాలిలో ఎండుగడ్డి వాసన. తల నిండా ఒకటే ప్రశ్న: బాంబులా? సీమలో నాయకుల బండికి ఏమైనా అయితే ఎవరైనా ముందు అడిగేది అదే. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక సినిమాలూ నీకు అదే నూరిపోశాయి.

లైటు వెలుగులో ఏదో పసుపుగా మెరుస్తుంది. రోడ్డుకు అడ్డంగా. బ్రేక్. చక్రం జారుతుంది. కాలు ఆనిస్తావు.

వడ్లు.

కళ్లం లేని రైతు తారురోడ్డు మీదే ఆరబోసుకుంటాడు. పొద్దుగూకాక కుప్ప చేసి, చుట్టూ రాళ్లు పెడతాడు. పక్కనుంచి నెమ్మదిగా పోనిస్తావు. గుండె ఇంకా దడదడలాడుతోంది.

ముందు జనం. టార్చిలైట్లు. కాలి కింద అద్దం ముక్కలు. ఆమెను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒకతను నీ మోచేయి పట్టుకుంటాడు. "వడ్ల కుప్ప తప్పించబోయినారు సార్." బాంబు లేదు. కత్తి లేదు. కుప్ప, చీకటి, వేగం.

ఫోన్. డెస్క్.

"పేజీ ఆపాం. పోయిందంటున్నారు. మృతి అని పెట్టేయమంటావా?"

డాక్టర్‌తో మాట్లాడావా? లేదు. నీ కంటితో చూశావా? లేదు.

"చెప్పు. టైం లేదు."

రెండక్షరాలు. ఊపిరి బిగబడుతుంది.

"తీవ్ర గాయాలు. అంతే వేయండి."

మర్నాడు హైదరాబాద్‌లో ఆమె కన్నుమూస్తారు. ఆ రాత్రికి మాత్రం ఆమె బతికే ఉన్నారు. నువ్వు బతికే ఉన్నారని రాశావు.

మే 7. ఆళ్లగడ్డ. రోడ్డు పక్కన శిల్పుల కొట్టాల ముందు సగం చెక్కిన విగ్రహాలు ఎండలో నిలబడి ఉన్నాయి. బూత్ ముందు పొడుగాటి వరస. లోపల ఓటింగ్ యంత్రం మీద ఆమె పేరు అలాగే ఉంది. అదెలా? గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేస్తారు. ఆమె పార్టీకి అప్పటికి ఆ గుర్తింపు రాలేదు. ఆ పేరు మీదే జనం మీట నొక్కుతున్నారు. లెక్కింపులో 17 వేలకు పైగా ఆధిక్యంతో ఆ పేరే గెలుస్తుంది.

ఏళ్లు గడుస్తాయి. ఇప్పుడు నువ్వు సినిమాలకు రాస్తున్నావు. ఆంధ్రపత్రిక నుంచి ముళ్లపూడి వెంకటరమణ, ఆంధ్రప్రభ నుంచి గొల్లపూడి మారుతీరావు నడిచిన బాటే ఇది. హైదరాబాద్‌లో ఏసీ గది. కథా చర్చలు. సీమ నేపథ్యం కాబట్టే నిన్ను పిలిచారు. బల్ల మీద టీ చల్లారిపోతోంది.

"నాయకురాలి బండి వస్తోంది. రాత్రి. ఇక్కడ బాంబు పడాలి," అంటాడు దర్శకుడు.

"బాంబు వద్దు సార్. వడ్ల కుప్ప."

అందరూ నీ వంకే చూస్తారు.

"మరి విలన్ ఎవరు?"

అప్పు తీరాలంటే ఆ వడ్లు ఎండాల్సిన రైతు గుర్తొస్తాడు. స్టీరింగ్ తిప్పిన చేతులు గుర్తొస్తాయి. అడ్వాన్సు చెక్కు జేబులోనే ఉంది. తిరిగి ఇచ్చేయాల్సి రావచ్చు.

కాగితం ముందుకు లాక్కుంటావు. సీను నంబరు వేస్తావు. రాత్రి. తారురోడ్డు. వడ్ల కుప్ప, చుట్టూ రాళ్లు.