నిలువనీడ లేనివారి నడుమ పరిచర్య: లైమ్‌హౌస్ నుండి స్టూవర్టుపురము వరకు

మంచి సమరయుని కథ చెప్పునప్పుడు మనమందరము సమరయుని దగ్గరనే ఆగిపోవుదుము. పూటకూళ్లవాని సంగతి ఎవరికిని పట్టదు. గాయములు కట్టి, తన వాహనముమీద ఎక్కించి తెచ్చుట ఒక దినపు పని. ఆ తరువాత ఆ మనుష్యుడు లేచి నడచువరకు పక్క, అన్నము చూడవలసినవాడు పూటకూళ్లవాడే. గూడులేనివారికి ఆశ్రయమిచ్చు పరిచర్య ఈ రెండవ తరగతికి చెందినది. దాని చరిత్రలో మెచ్చుకొనవలసినది ఎంతో కలదు, తల దించుకొనవలసినదియు కొంత కలదు. అందులో ఒక భాగము మన బాపట్ల ప్రాంతములోనే జరిగినది.

ఇంగ్లండు దేశములో 1824 నాటి చట్టము ప్రకారము, బ్రతుకుతెరువు చూపలేక ఆరుబయట నిద్రించుటయే నేరము. 1834లో పేదల చట్టమును మార్చిన పిమ్మట దిక్కులేనివారికి 'వర్క్‌హౌస్'లే గతియాయెను. ఒక్క రాత్రి తలదాచుకొన వచ్చు బాటసారులకు 'క్యాజువల్ వార్డు'లుండెడివి. రొట్టె, పక్క ఇచ్చి, బదులుగా రాళ్లు కొట్టించెడివారు. లేదా పాత తాళ్లను వ్రేళ్లతో పీచుపీచుగా విప్పించెడివారు. 1882లో మరియొక చట్టము వచ్చెను. దాని ప్రకారము చేరినవానిని మరునాడంతయు అక్కడనే ఉంచి, ఆ మరుసటి ఉదయము తొమ్మిది గంటలకు గాని విడువరు. కూలిపనికి మనుష్యులను పిలుచుకొను వేళ అప్పటికి దాటిపోవును. పని దొరకనివాడు రాత్రికి మరల ఏదో ఒక వార్డు తలుపు తట్టవలసినదే. పేదను పేదగానే ఉంచుటకు ఇంతకంటె చక్కని ఏర్పాటు వెదకినను దొరకదు.

విలియం బూత్, ఆయన భార్య కాథరీన్ కలిసి 1865లో తూర్పు లండనులో ఆరంభించిన మిషనుకు 1878లో రక్షణ సైన్యమను పేరు వచ్చెను. 1887లో ఒక రాత్రి ప్రొద్దుపోయిన తరువాత బూత్ లండను వంతెన దాటుచు, వంతెన గూళ్లలో ముడుచుకొని పడుకొన్న మనుష్యులను చూచెననియు, తన కుమారుడు బ్రామ్‌వెల్‌తో ఏదైనను చేయవలసినదని చెప్పెననియు ఆ సైన్యమువారు చెప్పుకొందురు. 1888లో రేవుల ప్రక్కనున్న లైమ్‌హౌస్‌లో మొదటి భోజనశాల, ఆశ్రయము తెరచిరి.

నాలుగు పెన్నీలకు అట్టి ఆశ్రయములలో ఏమి దొరకెడిదో, 1890లో వెలువడిన 'ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్' అను గ్రంథములో బూత్ వివరించెను. వేడి కాఫీయో కోకోయో, రొట్టె, కడుగుకొనుటకు నీళ్లు, ఒక ప్రార్థన కూటము. పండుకొనుటకు నేలమీద వరుసగా అమర్చిన కొయ్యపెట్టెలు, వాటిలో సముద్రపు నాచు కూరిన పరుపు, పైన కప్పుకొనుటకు తోలు. అవి శవపేటికలవలె నున్నవని జనులు పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారిలో వంతెనమీద రాత్రి గడిపిన అనుభవము ఎందరికుండెనో!

ఒక్క రాత్రి నిద్రతో బ్రతుకు మారదని బూత్‌కు త్వరలోనే తెలిసెను. లండను వీధిలో బండి గుఱ్ఱము పడిపోయిన యెడల, ఎవరి తప్పువలన పడెనని విచారింపక ముందు దానిని లేపుదురు. దానికి కొట్టము, దాణా, పని మూడును కలవు. మనుష్యునికి ఆపాటి హక్కయినను ఉండవలెనని ఆయన వాదించెను. పని వెదకిపెట్టు కార్యాలయము 1890లోనే వెలసెను. 1891లో అగ్గిపెట్టెల కర్మాగారము తెరచిరి. ఆ కాలమున అగ్గిపుల్లలకు వాడెడి పచ్చ భాస్వరము వలన పనివారి దవడ ఎముకలు కుళ్లిపోయెడివి. ఇచ్చట ఎఱ్ఱ భాస్వరము వాడి, కూలి కూడ ఇతరులకంటె హెచ్చుగా ఇచ్చిరి. అదే సంవత్సరము ఎస్సెక్సులోని హ్యాడ్లీలో వ్యవసాయ కాలనీ స్థాపించి కూరగాయలు, కోళ్లు, ఇటుకల పని నేర్పించిరి. పథకములోని మూడవ మెట్టు, అనగా సముద్రాల ఆవల కాలనీ, అనుకొన్నట్లు సాగలేదు. ఎట్లున్నను వచ్చినవారు తమంతట తాము వచ్చినవారే. ఇష్టములేనివాడు మరునాడు తన దారిన తాను పోవచ్చును. నా మట్టుకు నాకు ఈ పథకమంతటిలో మిక్కిలి విలువైనది ఇదే.

అదే పథకము మన దేశమునకు వచ్చినప్పుడు ఈ ఒక్క సంగతి మారిపోయెను. ఐ.సి.ఎస్. ఉద్యోగము వదలిన ఫ్రెడరిక్ టక్కర్ 1882లో బొంబాయిలో రక్షణ సైన్యపు పని ప్రారంభించి, ఫకీర్ సింగ్ అను పేరుతో మన దుస్తులు ధరించి తిరిగెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడ వర్తింపజేసిరి. ఎరుకలవారు పూర్వము ఉప్పు, ధాన్యము పశువులమీద వేసికొని ఊరూర అమ్మి బ్రదికినవారు. రైళ్లు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వపు ఆంక్షలు బిగిసి ఆ వర్తకము చెడిపోయెను. తెరువు చెడగొట్టినవారే వారిని పుట్టుదొంగలని చట్టములో వ్రాసిరి. 1913లో బాపట్ల దగ్గర వారికొరకు ఏర్పడిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హరోల్డ్ స్టూవర్టు పేరు పెట్టి, నిర్వహణ రక్షణ సైన్యమునకు అప్పగించిరి.

అక్కడ భూమి ఇచ్చిరి, బడి పెట్టిరి, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలిపని చూపించిరి. ఆ మేలును కాదనరాదు. కాని హాజరు పిలుపు తప్పదు, చీటి లేనిదే పొలిమేర దాటరాదు. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేయుటకును ఆ చట్టములో వీలు కలదు. హ్యాడ్లీలో వలెనే ఇచ్చటను పొలము, పని, ప్రార్థన ఉండెను. తాళపుచెవి మాత్రము పోలీసువారి చేతిలోనిది. దేశమంతట ఆ చట్టము 1952లో రద్దయినను పేరుపడిన మచ్చ పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు సినిమాలు వచ్చెను. మహాకవి జాషువ కుమార్తె హేమలతా లవణం 1970 దశకములో ఆ ఊరికి పోయినప్పుడు ఆమె చేతిలో హాజరు పట్టీ లేదు. ఆమె ఇండ్లలో కూర్చుండి, జైలునుండి వచ్చినవారితో మాటలాడి, మగవారు దూరమైన కుటుంబముల మంచిచెడ్డలు విచారించెను. ఆమె దైవమును నమ్మిన మనిషి కాదు. అయినను మనము మొదట చేయవలసిన పని ఆమె చేసినదని ఒప్పుకొనక తప్పదు.

2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లులేనివారు 17 లక్షల 73 వేలమంది. నగరములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, సంవత్సరము పొడవునా పగలును రాత్రియు తెరచియుండు ఆశ్రయములు ఉండవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2013లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకములో మనిషికి 50 చదరపు అడుగుల చోటు నిర్ణయించిరి. అంతకంటె ముఖ్యమైన ఏర్పాటు వేరొకటి కలదు. రేషను కార్డునకు, పింఛనుకు, బ్యాంకు ఖాతాకు, ఓటునకు చిరునామా కావలెను. ఫుట్‌పాతునకు డోరు నంబరుండదు. కనుక ఆశ్రయములో ఉన్నవారికి గుర్తింపు కాగితములు సంపాదించి పెట్టుటయు, ఉత్తరములు వచ్చుటకు వారికొక చిరునామా కల్పించుటయు అచ్చటి పనివారి విధులలో చేర్చిరి. కార్యాలయముల చుట్టు తిరిగి, ఒక్కొక్క కాగితము కొరకు వరుసలలో నిలువవలసిన పని ఇది. ఇందుకు మన సంఘములలో చదువు, తీరిక ఉన్నవారు చాలమంది కలరు.