మిస్ మెంటన్, మిసెస్ కోరి

పరీక్షల ముందు జీవక్రియల పాఠాలన్నీ మరోసారి తిరగేసేటప్పుడు మా వైద్య విద్యార్థులకు క్రెబ్స్, కోరి, మైకేలిస్-మెంటన్ మనుషుల పేర్లుగా కనిపించవు. బట్టీ పట్టాల్సిన మాటలు, అంతే. ఇంగ్లీషులో రాసే జవాబుల్లో ఇది బయటపడదు. తెలుగులో మాట్లాడితే మాత్రం క్రియాపదం దగ్గర దొరికిపోతారు. "మెంటన్ కనుక్కున్నాడు" అంటారు, ఆడపిల్లలు కూడా.

మాడ్ మెంటన్ 1879లో కెనడాలోని ఒంటారియోలో పుట్టింది. 1911లో టొరంటోలో ఎం.డి. తీసుకుని, మరుసటి ఏడాది బెర్లిన్‌లో లియోనార్ మైకేలిస్ దగ్గర పరిశోధనకు చేరింది. ఇన్వర్టేజ్ అనే ఎంజైము చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. ఆ వేగానికి 1903లోనే విక్టర్ హెన్రీ ఒక సమీకరణం రాశాడు. కానీ ద్రావణపు ఆమ్లత్వాన్ని అదుపులో పెట్టుకోలేదు. వీళ్లిద్దరూ ఆమ్లత్వాన్ని స్థిరంగా ఉంచి, తయారైన పదార్థాలు పోగుపడి ఎంజైముకు అడ్డం రాకముందే, తొలి వేగాన్ని కొలిచారు. ఎంజైముల వేగాన్ని ఇవాళ్టికీ అలాగే కొలుస్తాం. గరిష్ఠ వేగంలో సగం అందుకోవడానికి ఎంత గాఢత కావాలో చెప్పే 'కెఎమ్' విలువకు మూలం ఆ కొలతలే.

1913లో ఆ జర్మన్ వ్యాసం అచ్చయినప్పుడు రచయితల పేర్లు ఎలా పడ్డాయో చూడండి: ఎల్. మైకేలిస్, మిస్ మాడ్ ఎల్. మెంటన్. ఆయనకు పొడి అక్షరం చాలింది. వైద్యపట్టా ఉన్న ఆమెకు మాత్రం పెళ్లి కాలేదన్న సమాచారం జోడించారు! తర్వాత పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పింది. 1950లో పదవీ విరమణ చేసింది. పూర్తిస్థాయి ప్రొఫెసర్ హోదా దక్కింది దానికి కాస్త ముందే.

ఆ 'మిస్' వల్ల కనీసం ఆమె స్త్రీ అని తెలిసింది. గెర్టీ కోరికి ఆ సదుపాయమూ లేదు. భార్యాభర్తలిద్దరికీ ఒకటే ఇంటిపేరు. 'కోరి చక్రం' అనగానే పిల్లల మనసులో ఒకే ఒక మగవాడు మెదులుతాడు. ఆమె పుట్టింటి పేరు రాడ్నిట్జ్. ప్రాగ్‌లో వైద్యం చదివి, 1920లో సహాధ్యాయి కార్ల్‌ను పెళ్లాడి, 1922లో అమెరికా చేరింది. ఇద్దరూ కలిసి 1929లో ఆ చక్రాన్ని ప్రతిపాదించారు. శ్రమించే కండరం గ్లూకోజును లాక్టేట్‌గా మార్చి 2 ఏటీపీలు సంపాదించుకుంటుంది. ఆ లాక్టేట్‌ను కాలేయం 6 ఏటీపీలకు సమానమైన ఖర్చుతో మళ్లీ గ్లూకోజు చేసి పంపుతుంది. (ఇంటిచాకిరీకి లెక్కలు కట్టే మిత్రులకు ఈ అంకెలు ఎప్పుడైనా పనికొస్తాయేమో!)

1931లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కార్ల్‌ను విభాగాధిపతిగా, గెర్టీని తక్కువ జీతపు పరిశోధన సహాయకురాలిగా తీసుకుంది. ఆమెను ఉత్త బాధితురాలిగా చిత్రించడం నాకిష్టం లేదు. భార్యతో కలిసి పనిచేయకూడదన్న షరతుతో వచ్చిన ఉద్యోగాన్ని కార్ల్ అంతకుముందే కాదనుకున్నాడు. వ్యాసాలు కలిసే రాశారు. హోదాలు, జీతాలే కలిసి రాలేదు. ఆమె ప్రొఫెసర్ అయింది 1947లో, నోబెల్ బహుమతి వచ్చిన ఏడాదే.

ఎముక మూలుగ వ్యాధి బయటపడింది కూడా ఆ ఏడాదే. రక్తం ఎక్కించుకుంటూ మరో పదేళ్లు, 1957లో చనిపోయేదాకా, ప్రయోగశాలలోనే ఉంది. కాలేయం గ్లైకోజెన్‌తో ఉబ్బిపోయే వాన్ గీర్కే వ్యాధి పిల్లల్లో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఎంజైము లోపించిందని 1952లో కార్ల్‌తో కలిసి చూపింది. పుట్టుకతో వచ్చే జీవక్రియా వ్యాధికి ఒక ఫలానా ఎంజైము లోపమే కారణమని ప్రయోగంతో తేల్చిన తొలి సందర్భాల్లో అదొకటి.