కైట్‌సర్ఫింగ్‌లో బోర్డు లీష్

కైట్‌సర్ఫింగ్ చేసేవారిని వారి బోర్డుతో కలిపి ఉంచే తాడును బోర్డు లీష్ అంటారు. రైడర్ నీటిలో పడినప్పుడు బోర్డు దూరంగా కొట్టుకుపోకుండా ఆపడం దీని పని. సర్ఫింగ్ నుంచి వచ్చిన ఈ సాధనం అక్కడ తప్పనిసరి రక్షణగా స్థిరపడింది. కైట్‌సర్ఫింగ్‌లో మాత్రం దీన్ని ప్రమాదకరమైనదిగా పరిగణిస్తారు. సాగిన తాడు బోర్డును వెనక్కి లాగి రైడర్ తలకు, మెడకు కొట్టించే అవకాశం ఉండడమే ఇందుకు ముఖ్య కారణం. అందువల్ల నేటి శిక్షకుల్లో ఎక్కువమంది లీష్ వద్దని చెప్పి, అది లేకుండానే బోర్డును తిరిగి చేరుకునే పద్ధతి నేర్పుతున్నారు.

కైట్ లీష్‌తో తేడా

కైట్ లీష్, బోర్డు లీష్ ఒకటి కావు. కైట్ లీష్ రైడర్ నడుముకున్న హార్నెస్‌ను కైట్ తాళ్లలో ఒకదానితో కలుపుతుంది. ఆపదలో క్విక్ రిలీజ్ లాగితే కైట్ ఆ ఒక్క తాడు మీదే వేలాడి బలం కోల్పోతుంది. ఎగిరిపోయి ఇతరులకు తగలదు. ఇది లేకుండా ఎవరూ నీటిలోకి దిగకూడదు. కైట్‌ను విడిపించే ఈ వ్యవస్థలకు 2020లో ఐఎస్‌ఓ 21853 పేరుతో అంతర్జాతీయ భద్రతా ప్రమాణం వచ్చింది. ఈ వ్యాసంలోని చర్చ బోర్డు లీష్‌కే పరిమితం.

పుట్టుక

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాంటాక్రూజ్‌లో 1970ల తొలి సంవత్సరాల్లో పాట్ ఓనీల్ సర్ఫింగ్ లీష్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. ఆసుపత్రుల్లో వాడే సాగే రబ్బరు గొట్టంతో తొలి లీష్‌లు తయారయ్యాయి. పాట్ తండ్రి, వెట్‌సూట్ల తయారీతో ప్రసిద్ధుడైన జాక్ ఓనీల్, అలాంటి లీష్ సాగి బోర్డు వెనక్కి దూసుకురావడంతో ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. తరువాత అంతగా సాగని యురేథేన్ తాళ్లు వచ్చాయి.

ఫ్రాన్స్‌కు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో గాలి నింపే కైట్‌కు పేటెంటు తీసుకున్నారు. 1990ల చివరికి అలాంటి కైట్‌లు అమ్మకానికి వచ్చి కైట్‌సర్ఫింగ్ వ్యాపించింది. అప్పట్లో ఎదురుగాలికి ప్రయాణించడమే కష్టం కాబట్టి, పోయిన బోర్డును తెచ్చుకోవడం పెద్ద సమస్యగా ఉండేది. సర్ఫింగ్ అలవాటు ఉన్నవారు లీష్‌నూ వెంట తెచ్చుకున్నారు.

ప్రమాదం జరిగే తీరు

సర్ఫింగ్‌లో బోర్డును లాగేది అల. అది దాటిపోగానే తాడు వదులవుతుంది. కైట్‌సర్ఫింగ్‌లో రైడర్‌నే కైట్ లాగుతుంది, అది గాలిలో ఉన్నంతసేపూ లాగుతూనే ఉంటుంది. రైడర్ పడిన తరువాత కైట్ ఒకవైపు ఈడుస్తుంటే, నీటిలో అడ్డంగా దిగబడిన బోర్డు లంగరులా రెండోవైపు నిలబడుతుంది. మధ్యలో తాడు సాగుతుంది. బోర్డు నీటిని వదిలిన క్షణాన, తాడులో చేరిన బలమంతా దాన్ని రైడర్ మీదికి విసురుతుంది. అప్పుడు రైడర్ కైట్ వైపు చూస్తూ ఉంటాడు. బోర్డు వెనుక నుంచి వస్తుంది కాబట్టి తప్పించుకునే వీలుండదు.

గాలిలోకి ఎగిరినప్పుడు కాళ్ల నుంచి జారిన బోర్డు తాడుకు వేలాడుతూ గిరగిరా తిరిగి శరీరానికి తగలవచ్చు. లీష్ కైట్ తాళ్లలో చిక్కుకుంటే కైట్‌ను అదుపు చేయడం కూడా కష్టమవుతుంది.

రకాలు

చీలమండకు కట్టే సూటి తాడు, స్ప్రింగులా చుట్టుకునే తాడు, రీల్ లీష్ అనేవి ముఖ్య రకాలు. రీల్ లీష్‌లో సన్నని తాడు ఒక డబ్బాలో చుట్టుకుని ఉంటుంది, దాన్ని హార్నెస్‌కు తగిలిస్తారు. తాడు వదులుగా వేలాడదు కాబట్టి చిక్కులు తగ్గుతాయి. అయితే తాడు చివరిదాకా బయటికి వచ్చేశాక రీల్ లీష్‌తోనూ అదే ప్రమాదం. హెల్మెట్ తలకు కొంత రక్షణ ఇస్తుంది కానీ ముఖాన్ని, మెడను, వెన్నును కాపాడలేదు.

తాడు లేని సాధనాలూ ఉన్నాయి. కెనడాకు చెందిన ఓషన్ రోడియో సంస్థ తెచ్చిన గో-జో అనేది బోర్డుకు బిగించే గాలిబుడగ. దీనివల్ల బోర్డు గాలికి ఎక్కువగా దొరికి రైడర్ ఉన్న దిక్కుకే కొట్టుకొస్తుంది.

ప్రత్యామ్నాయం: బాడీ డ్రాగ్

బోర్డు లేకుండా, కైట్ లాగుడుతో శరీరాన్నే నీటిలో నడిపించడం బాడీ డ్రాగ్. రైడర్ కైట్‌ను ఒక పక్కకు, నీటికి సుమారు 45 డిగ్రీల ఎత్తులో నిలుపుతాడు. ఒక చేయి కైట్‌ను నడిపే బార్ మధ్యలో ఉంటుంది. రెండో చేతిని వెళ్లవలసిన దిక్కుగా నీటిలో చాచి, శరీరాన్ని పక్కకు తిప్పి బిగదీస్తాడు. నీటిని కోసుకుంటూ సాగే ఆ శరీరం గాలివాటున జారిపోకుండా వాలుగా ఎదురుగాలికి కదులుతుంది. కొంతదూరం వెళ్లి, కైట్‌ను రెండో పక్కకు తిప్పి, ఇలా వంకరటింకరగా సాగితే బోర్డు దొరుకుతుంది. బోర్డు వైపు నేరుగా ఈదబోవడం కొత్తవారు చేసే పొరపాటు. అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ ఐకేఓ శిక్షణక్రమంలో, బోర్డు మీద నిలబడడానికి ముందే ఈ నైపుణ్యం నేర్పుతారు.

బోర్డు దొరకకపోయినా రైడర్ నిరాధారం కాడు. సర్ఫర్‌కు నీటిపై తేలే ఆధారం బోర్డే. కైట్‌సర్ఫర్‌కు గాలి నింపిన కైటే తెప్ప. దాన్ని పట్టుకుని తీరం చేరే స్వయంరక్షణ పద్ధతి కూడా శిక్షణలో భాగమే.

మినహాయింపులు

రాతితీరాల దగ్గర పెద్ద అలలపై ఆడే అనుభవజ్ఞులు కొందరు, బోర్డు రాళ్లకు తగిలి విరగకుండా లీష్ కడతారు. హైడ్రోఫాయిల్ బోర్డులకు అడుగున పదునైన రెక్కలు ఉంటాయి కాబట్టి, వాటికి లీష్ కట్టడం మరింత ప్రమాదకరం. వింగ్‌ఫాయిలింగ్ పరిస్థితి వేరు. చేత్తో పట్టుకునే వింగ్ వదిలితే దాని లాగుడు చాలావరకు పోతుంది, అక్కడ బోర్డే ప్రాణాధారం. అందువల్ల ఆ క్రీడలో లీష్ వాడకం సాధారణం.

జాగ్రత్తలు

లీష్ వాడక తప్పనివారు హెల్మెట్ పెట్టుకోవాలి, ఒక్క లాగుడుతో విడిపోయే కొక్కెం ఉన్న లీష్‌నే ఎంచుకోవాలి. లీష్ వాడనివారు బోర్డు మీద పేరు, ఫోన్ నంబరు రాసుకోవడం మంచిది. మనిషి లేకుండా దొరికిన బోర్డును చూసి సహాయక దళాలు ప్రమాదం జరిగిందనుకుని వెతుకులాట మొదలుపెడతాయి. యజమాని క్షేమమని ఒక ఫోన్‌తో తెలిస్తే ఆ శ్రమ, ఆందోళన తప్పుతాయి. కొత్తగా నేర్చుకునేవారు ఒక నియమం పాటించాలి: బాడీ డ్రాగ్‌తో బోర్డును చేరుకోవడం వచ్చేవరకు లోతు నీటిలోకి వెళ్లకూడదు. ఆ నైపుణ్యం లోటును లీష్ పూడ్చలేదు.